భోజనాల తర్వాత పోస్టు

నా పేరు ఆశీర్వాదం, ఇంటిపేరు జొన్నకూటి. కాలేజీలో కామర్స్ చెబుతాను. గొంతు పెద్దది. నా క్లాసులో నేను డెబిట్ అని అరిస్తే పక్క క్లాసులో హిస్టరీ పిల్లలు ఉలిక్కిపడి క్రెడిట్ అని రాసుకుంటారు. ఆ రోజు నేను వెళ్ళింది పక్క జిల్లాలోని ఒక విశ్వవిద్యాలయానికి. దాని పేరు చెప్పను. చెబితే ఆ ఒక్కదానికే చెడ్డపేరు వస్తుంది, మిగతావన్నీ హాయిగా ఊపిరి పీల్చుకుంటాయి.

భూగర్భశాస్త్ర శాఖలో రెండు అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకి ఇంటర్వ్యూలు. నాకూ భూగర్భశాస్త్రానికీ ఉన్న చుట్టరికం మా అమ్మ బియ్యంలో రాళ్ళేరుతుంటే చూడటం వరకే. అయినా పిలిచారు. ఎంపిక కమిటీలో ఎస్సీల తరఫున ఒకరు కూర్చోవాలని నిబంధన ఉంది. కూర్చోవాలనే ఉంది, మాట్లాడాలని లేదు. టీ తాగి, జీడిపప్పు తిని, చివర్లో సంతకం పెడితే ఆ నిబంధనకి దాహం తీరిపోతుంది. తప్పు మా నాన్నది. ఆశీర్వాదం అని పేరు పెట్టాడు. అక్షింతలు వెయ్యడానికి తప్ప నన్నెవరూ ఎక్కడికీ పిలవరు.

మరి ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, ఆశీర్వాదం సరదా మనిషి, జోకులేస్తాడు, అందర్నీ నవ్విస్తాడు అని చెప్పారట ఎవరో. నవ్వించేవాడు గొడవ చెయ్యడని వాళ్ళ లెక్క.

ఉన్న రెండు పోస్టుల్లో ఒకటి ఓపెన్, రెండోది ఎస్సీలకి. ఆ రెండోదానికి పెద్ద చరిత్రే ఉంది. ప్రకటన వేస్తారు, పిలుస్తారు, ఇంటర్వ్యూ చేస్తారు, చివర్న ‘తగినవారు దొరకలేదు’ అని రాసి మడిచి పెడతారు. కొన్నాళ్ళకి మళ్ళీ ప్రకటన, మళ్ళీ పిలుపు, మళ్ళీ దొరకలేదు. దొరక్కపోవడానికి వాళ్ళేమన్నా పారిపోయారా? పీహెచ్‌డీలు ఒళ్ళో పెట్టుకుని వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లోనే కూర్చుని ఉంటారు!

దీనికొక పద్ధతి కూడా ఉంది. ఓపెన్ వాళ్ళని భోజనాల ముందు పిలుస్తారు. ఎస్సీ వాళ్ళని భోజనాల తర్వాత. పొద్దున పనిచేసే బుర్రలే మధ్యాహ్నం గుర్రులవుతాయి. ఈ పద్ధతి ఏ చట్టంలోనూ లేదు, ఏ వర్సిటీలోనూ తప్పదు.

హాల్లో ఏసీ చలికి నా జోకులే గడ్డకట్టేలా ఉన్నాయి. మధ్య కుర్చీలో వైస్ చాన్సలర్ కొత్తపల్లి చక్రధరరావు గారు. ఆయనకి కుడి పక్కన బయటినుంచి వచ్చిన సబ్జెక్టు నిపుణుడు, ప్రొఫెసర్ విశ్వంభరం గారు. రాయిని చూసి దాని వయసు చెప్పేస్తాడని పేరు. ఎడమ పక్కన శాఖాధిపతి లక్ష్మీపతి. వీసీ గారు దగ్గితే ఈయన గొంతు సవరించుకుంటాడు. చివర్న నేను, నా జీడిపప్పు ప్లేటు.

మొదట వచ్చినవాడు శశాంక్. ఎర్రగా బుర్రగా, ఇస్త్రీ మడత నలగకుండా వచ్చాడు. ఎవరి మేనల్లుడో, ఎవరు ఫోన్ చేశారో హాల్లో అందరికీ తెలుసు. ఓపెన్ పోస్టు ఆ పిల్లాడి కోసం ఎప్పుడో పక్కేసి ఉంది, వచ్చి పడుకోవడమే తరువాయి.

“గ్రానైట్ ఎలా ఏర్పడుతుంది నాయనా?” అన్నాడు విశ్వంభరం గారు. ఇంటర్ పిల్లల ప్రశ్న.

శశాంక్ చొక్కా కాలర్ సర్దుకున్నాడు. “సార్... కొంచెం నెర్వస్‌గా ఉంది సార్.”

“పర్లేదు, నిదానంగా చెప్పు.”

“గ్రానైట్ అంటే సార్... చాలా గట్టిగా ఉంటుంది సార్.”

వాడు వెళ్ళాక వీసీ గారు కుర్చీలో వెనక్కి వాలారు. “పిల్లాడు బెదిరిపోయాడు, పాపం. లోపల సబ్జెక్టుంది.”

“ఉంది సార్, ఉంది,” అన్నాడు లక్ష్మీపతి. “పైకి రాలేదంతే.”

“బోరు వేయిస్తే వస్తుందేమో సార్,” అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. వీసీ గారు కళ్ళు తుడుచుకున్నారు. “మీరు భలేవారండీ ఆశీర్వాదం గారూ!” నవ్వుతూనే ముగ్గురూ శశాంక్‌కి దండిగా మార్కులేశారు. నా జోకు నీళ్ళొచ్చే బోరు కాదని అప్పుడే అర్థమవ్వాల్సింది.

ఇంకో నలుగురైదుగురు వచ్చి వెళ్ళాక ఒకమ్మాయి వచ్చింది. ముప్పై అయిదు దాటి ఉంటుంది. నూలు చీర, భుజానికి సంచి, ఎండలో తిరిగిన మొహం. కొత్తపల్లి వసుంధర. భూమి పేరు పెట్టుకుని భూమినే చదివింది.

పేరు వినగానే వీసీ గారు నిటారుగా లేచి కూర్చున్నారు.

“కొత్తపల్లా! ఏ కొత్తపల్లి వాళ్ళమ్మా మీరు? ఏ ఊరు?”

“చీమకుర్తి పక్కన సార్.”

“అరెరే! మా తాతగారు ఆ వైపునుంచే వచ్చారు! నాన్నగారేం చేస్తారు తల్లీ?”

“క్వారీలో సార్, ఆయన రాళ్ళు...”

“క్వారీయా! ఇంకేం మరి! గ్రానైట్లో ఉన్నవాళ్ళకి ఈ నౌకరీలు ఒక లెక్కా? చదువు మీద ప్రేమతో వచ్చావన్నమాట!” ఆమెని నోరు మెదపనివ్వలేదు. మా వైపు తిరిగి, “మావాళ్ళేనండీ,” అన్నారు గర్వంగా.

మన దేశంలో ఇదొక కళ. కులం అడగడం మర్యాద కాదు కదా! అందుకని కులాసాగా ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, నాన్న పనడుగుతారు. మూడూ కలిపి లోపల గుణకారం చేసుకుంటారు. జవాబు సరిపోతే తల్లీ అంటారు. ఒకే ఇంటిపేరు ఊళ్ళోనూ ఉంటుందని, ఊరవతల పేటలోనూ ఉంటుందని ఆ గుణకారంలో లేదు. అదీగాక పొద్దున ఓపెన్‌కి వచ్చినవాళ్ళంతా తమవాళ్ళేనని ఆయన గట్టి నమ్మకం. ఓపెన్ అంటే అందరికీ తెరిచిన తలుపని రాజ్యాంగం అనుకుంది. వీళ్ళేమో తమ ఇంటి వీధి తలుపనుకున్నారు.

విశ్వంభరం గారు ప్రశ్నలు మొదలుపెట్టారు. ఆయన అడుగుతున్నకొద్దీ ఆమె చెబుతూనే ఉంది. రాతినేలలో నీళ్ళెక్కడ దాక్కుంటాయో, ఫ్లోరైడ్ ఎందుకు చేరుతుందో, ఒకే ఊళ్ళో ఒక వీధి బోరు నీళ్ళు తాగితే పళ్ళు గారపడతాయి, ఇంకో వీధిలో పడవు, అది ఎందుకో. నా బోటి కామర్స్ వాడికి కూడా అర్థమయ్యేలా చెప్పింది.

“కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్ళు చూసేవాళ్ళున్నారు కదా, వాళ్ళ మాటేంటి మరి?” అన్నాడు విశ్వంభరం గారు కొంటెగా.

“వాళ్ళకి నీళ్ళు పడ్డప్పుడు అందరూ చూస్తారు సార్. పడనప్పుడు రైతొక్కడే చూస్తాడు. నేను పడని బోర్ల దగ్గరికి కూడా వెళ్ళి చూశాను.”

విశ్వంభరం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “అమ్మా, నేను చాలా ఏళ్ళుగా ఈ ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఇంత లోతుగా ఆలోచించినవాళ్ళని చూడలేదు.”

వీసీ గారికి ఆ పొగడ్త తమ వంశానికే తగిలినట్టుంది. లేచి ఆమెని గుమ్మందాకా స్వయంగా సాగనంపారు. తలుపు తీసి, వరండాలో కూర్చున్న కుర్రాళ్ళందరూ వింటుండగా అన్నారు: “చూడండ్రా, మా కొత్తపల్లమ్మాయి! ప్రిపేరవ్వడమంటే ఇదీ! ఏం చేస్తాం తల్లీ, ఓపెన్‌లో ఉన్నది ఒక్కటే పోస్టాయె. ఇంకొక్కటుంటేనా, కళ్ళు మూసుకుని నీకిచ్చేసేవాణ్ణి!”

“సార్, మధ్యాహ్నం...” అంది ఆమె.

“ఆఁ ఆఁ, మధ్యాహ్నం భోంచేసి వెళ్ళమ్మా! గెస్ట్ హౌస్‌లో చెబుతాను.”

తలుపేసి వచ్చి కూర్చుని నిట్టూర్చారు. “చూశారా లక్ష్మీపతీ? ఇదీ మెరిట్. రెండో పోస్టు కూడా ఓపెన్లో ఉంటే ఈ అమ్మాయి బతికిపోయేది. రిజర్వేషన్లని చెప్పి బంగారం లాంటి పిల్లల గొంతు కోస్తున్నాం. మీరేం అనుకోకండి ఆశీర్వాదం గారూ, మిమ్మల్ని కాదు.”

“నేనేం అనుకోను సార్. నన్ను కాదన్నారుగా.”

“అసలు ఎన్నాళ్ళండీ ఇది? మా తాత ఏదో చేశాడని మా మనవడు కట్టాలా?”

“మనవడి దాకా ఎందుకు సార్,” అన్నాను. “పొద్దున్నే ఒక మేనల్లుడికి కట్టేశాం కదా.”

ఈసారి లక్ష్మీపతి నవ్వబోయి, వీసీ గారి మొహం చూసి ఆ నవ్వుని దగ్గులోకి మళ్ళించాడు.

భోజనాల దగ్గర కూడా అదే చర్చ. గుత్తొంకాయ వడ్డిస్తుంటే సామర్థ్యం గురించి, రసం పోస్తుంటే దేశం ఎటు పోతోందోనన్న దాని గురించి. “రోగం వస్తే కోటా డాక్టరు దగ్గరికి వెళ్తారా మీరు?” అని విశ్వంభరం గారు నన్నే అడిగాడు. “వెళ్తాను సార్, మా తమ్ముడే. ఫీజు తీసుకోడు,” అన్నాను. వాళ్ళది కోట, మాది కోటా. ఒక దీర్ఘం తేడాకి ఎంత కడుపు మంటండీ!

పెరుగు దగ్గరికొచ్చాక, మధ్యాహ్నం ఎవరెవరు వస్తున్నారో చూద్దామని ఆఫీసువాళ్ళిచ్చిన కాగితం తీశాను. ఆ కాగితాన్ని ముందుగా చూసే అలవాటు ఆ బల్ల దగ్గర ఎవరికీ లేదు. నాలుగో పేరు కొత్తపల్లి వసుంధర.

మళ్ళీ చూశాను. అదే పేరు, అదే పీహెచ్‌డీ, అదే చీమకుర్తి. ఎస్సీ అభ్యర్థి ఓపెన్‌కి కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా, పెట్టుకుంది. అంతే సంగతి.

నిజం చెప్పొద్దూ, సంతోషంతో పెరుగన్నం మారు వడ్డించుకున్నాను. పని జరిగిపోయినట్టే అనుకున్నాను. ఇంత లోతు ఎక్కడా చూడలేదని నిపుణుడు అననే అన్నాడు. ఇంకో పోస్టుంటే ఇచ్చేవాణ్ణని వీసీ గారు గుమ్మంలో నిలబడి ఒట్టేసినంత పని చేశారు. ఇదిగో ఆ ఇంకో పోస్టు, ఇదిగో ఆ అమ్మాయి. ఏమీ అనలేదు నేను. వాళ్ళ మాట వాళ్ళకే ఎదురొచ్చి నమస్కారం పెడుతుంటే మధ్యలో నేనెందుకు?

భోజనాలయ్యాయి. మొదటి ముగ్గురినీ తలో నాలుగు మాటలడిగి పంపేశారు. లక్ష్మీపతి రెండుసార్లు ఆవులించాడు. వీసీ గారు ఫోన్లో ఏదో చూసుకుంటూ, “నెక్స్ట్,” అన్నారు.

వసుంధర వచ్చి నిలబడింది.

“ఏం తల్లీ, భోంచేశావా? ఏదన్నా మర్చిపోయావా?”

“లేదు సార్. పిలిచారు, వచ్చాను.”

“నిన్నెందుకు పిలుస్తారు? లక్ష్మీపతీ, మీ ఆఫీసువాళ్ళు పొరపాటున...”

లక్ష్మీపతి కాగితం తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు. రాళ్ళ పొరలు చదివే మనిషికి అందులో పొరపాటు మాత్రం దొరకలేదు. “పొరపాటు కాదు సార్. ఈవిడ... ఎస్సీ సార్.”

నేను వీసీ గారి మొహమే చూస్తున్నాను. కోపం రాలేదు ముందు. పెళ్ళిలో తెలియని పంక్తిలో కూర్చున్నవాడు లేస్తున్నప్పుడు ఉంటుందే, ఆ మొహం పెట్టారు.

“క్వారీ అన్నారు... మీ నాన్నగారు...”

“రాళ్ళు కొట్టేవారు సార్. పొద్దున చెప్పబోయాను. మీరు ఆగలేదు.”

“కూర్చోండి.”

తల్లి పోయింది, ‘అండి’ వచ్చింది. జీవితంలో మొదటిసారి మర్యాద నాకు తిట్టులా వినపడింది.

“విశ్వంభరం గారూ, మీరడగండి.”

విశ్వంభరం గారు కళ్ళజోడు పెట్టుకున్నారు, తీశారు, తుడిచారు. అడిగింది పొద్దుటి ప్రశ్నే. ఆమె చెప్పింది పొద్దుటి జవాబే, ఇంకో రెండు ఊళ్ళ సంగతులు కలిపి. మధ్యలోనే ఆయన చెయ్యెత్తాడు.

“ఇవన్నీ ఫీల్డు కబుర్లు. కాస్త లోతు తక్కువైనట్టుంది.”

“పొద్దున మీరే సార్, ఇంత లోతు...”

“పొద్దుటిది పొద్దుటితో అయిపోయింది,” అన్నారు వీసీ గారు. “ఇది వేరే ఇంటర్వ్యూ. మీరు వెళ్ళచ్చు.”

ఆమె లేవలేదు వెంటనే. ముగ్గురినీ వరసగా చూసింది. చివర్న నన్ను చూసింది. మేనమామ ఇంట్లో అవమానం జరిగితే ఆడపిల్ల మేనమామని చూసే చూపు అది. సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

మిగతావాళ్ళు ఎంతసేపట్లో అయ్యారో నాకు తెలీదు. అంతా అయ్యాక లక్ష్మీపతి కలం మూత తీశాడు. వీసీ గారు కిటికీ వైపు చూస్తూ అన్నారు: “సరే మరి. రాయి. తగినవారు దొరకలేదు.”

రాళ్ళ శాఖలో ‘రాయి’ అన్న మాటకి ఇంత బరువుంటుందని ఆ రోజే తెలిసింది.

“ఒక్క నిమిషం సార్,” అన్నాను. “పొద్దున ఆ అమ్మాయి తగింది కదా?”

“చూడండి ఆశీర్వాదం గారూ, ఆ అమ్మాయి ప్రవర్తన నాకు నచ్చలేదు. చెప్పకుండా దాచింది. మా ఇంటిపేరు వాడుకుంది.”

“వాడుకోవడమేంటి సార్? అది ఆమె ఇంటిపేరు! మీరు వాడుకుంటున్నారని ఆమె కేసు పెట్టలేదు, సంతోషించండి.”

“ఎమోషనల్ అవకండి,” అన్నాడు విశ్వంభరం గారు. “ప్రమాణాలు అనేవి ఉంటాయి కదా. కోటా పోస్టయినంత మాత్రాన...”

అప్పుడు తెగింది నాకు. తగినవారు దొరకలేదు కదా వీళ్ళకి, తగువులాడేవాడు దొరికాడు.

“ప్రమాణాలా?” గొంతు నాకు తెలియకుండానే లేచింది. “గ్రానైట్ గట్టిగా ఉంటుందన్నవాడికి మార్కులు దండిగా పోసినప్పుడు ఎక్కడున్నాయి సార్ ప్రమాణాలు, బాత్‌రూమ్‌కి వెళ్ళాయా? పొద్దున లోతు, మధ్యాహ్నం లోతు తక్కువ! మధ్యలో ఆ అమ్మాయి ఒక పూట భోంచేసింది, అంతే! మీ గుత్తొంకాయకి అంత శక్తుందా, పీహెచ్‌డీని అరిగించేస్తుందా?”

“మెల్లిగా సార్, మెల్లిగా,” అన్నాడు లక్ష్మీపతి. “బయట వింటారు.”

“వింటారా? మంచి మాట చెప్పావయ్యా!”

లేచి వెళ్ళి తలుపు బార్లా తీశాను. వరండాలో పొద్దుటివాళ్ళు, మధ్యాహ్నంవాళ్ళు, ఫలితం కోసం అందరూ ఉన్నారు. నాకు మైకు ఎప్పుడూ అవసరం పడలేదు. “బాబూ, పొద్దున వీసీ గారు ఈ గుమ్మంలో నిలబడి ఏమన్నారో ఎవరన్నా విన్నారా?”

పొద్దున ఓపెన్‌కి వచ్చి పోయిన కుర్రాడొకడు లేచాడు. “విన్నాం సార్. ఇంకో పోస్టుంటే కళ్ళు మూసుకుని ఇచ్చేవాణ్ణి అన్నారు.” పక్కనున్నవాడు, “మా కొత్తపల్లమ్మాయి అని కూడా అన్నారు,” అని అందించాడు. ఎవరో ఫోన్ పైకెత్తారు.

“ఆశీర్వాదం గారూ!” వెనకనుంచి వీసీ గారు. “ఇది రహస్యంగా జరగాల్సిన ప్రక్రియ! మీమీద చర్య తీసుకోవాల్సి వస్తుంది.”

“తీసుకోండి సార్. చర్యకైనా తగుదునో లేదో కమిటీ వేసి చూడండి. ఇప్పుడు మాత్రం మీరు కళ్ళు మూసుకోండి. పొద్దున కళ్ళు మూసుకుని ఇస్తానన్నారు కదా? కళ్ళు తెరిచాకే కదా వచ్చింది ఇబ్బంది? మళ్ళీ మూసుకోండి! ఇవ్వండి!”

వసుంధర గుంపులోంచి వచ్చి గుమ్మం దాటింది. ఎవరూ పిలవలేదు. నేరుగా వచ్చి అభ్యర్థి కుర్చీలో కూర్చుంది.

“సార్, నాకు దయ అక్కర్లేదు. గొడవా అక్కర్లేదు. నేను తగనని చెప్పండి, వెళ్ళిపోతాను. పొద్దున నా మొహం మీద పొగిడారు కదా. ఇది కూడా నా మొహం మీదే చెప్పండి.”

విశ్వంభరం గారు నేల చూశాడు. “అది... చైర్మన్ గారు చెబుతారమ్మా.”

వీసీ గారు ఎడమకి తిరిగారు. “శాఖాధిపతి ఉన్నారు కదా, చెప్పండి లక్ష్మీపతీ.”

లక్ష్మీపతికి తిరగడానికి ఎడమ పక్కన ఎవరూ లేరు, నా ఖాళీ కుర్చీ తప్ప. “పోస్టులో... ఉత్తరం పంపిస్తామండీ,” అన్నాడు నీళ్ళు నమిలి.

“పోస్టు ఇవ్వరు గానీ పోస్టులో పంపిస్తారా!” నేను అరిచాను. వరండాలో ఎవరో నవ్వారు. వసుంధర నవ్వలేదు. నా వైపు తిరిగి, “మీరు కాసేపు ఊరుకోండి సార్,” అంది. నోరు మూసుకున్నాను. ఆమెదే న్యాయం. పోయేది ఆమె బతుకు, నేను జోకులు పేలుస్తున్నాను.

“చెప్పేదాకా ఇక్కడే కూర్చుంటాను సార్,” అంది ఆమె. “గెస్ట్ లెక్చరరుగా ఏళ్ళ తరబడి ఎవరు క్లాసుకి రాకపోతే వాళ్ళ కుర్చీలో నేను కూర్చున్నాను. ఇలా కూర్చోవడం నాకు కొత్త కాదు.”

నేను బల్ల అవతలినుంచి నా కుర్చీ ఈడ్చుకొచ్చి ఆమె పక్కన వేసుకున్నాను. కుర్చీ కాళ్ళు నేలమీద కీచుమన్నాయి. అంత పెద్ద బల్లకి అవతల ముగ్గురు, ఇవతల ఇద్దరం. గుమ్మం నిండా జనం. ముగ్గురు పండితులు రెండు మాటలు పలకలేక చచ్చిపోతున్నారు. కాగితం మీద ఏళ్ళనుంచి రాస్తున్న మాటే. కాగితానికి మొహం ఉండదు కాబట్టి ఇన్నాళ్ళూ రాయగలిగారు.

వరండాలో ఫోన్లు ఇంకా ఎత్తే ఉన్నాయి. వీసీ గారు వాటి వంక చూశారు, ఆమె వంక చూశారు. మెడ మీద నరం ఒకటి లేచింది. కాగితాన్ని లక్ష్మీపతి మీదికి విసిరినట్టు తోశారు.

“రాయవయ్యా! ఆవిడ పేరే రాయి! ఏదో ఒకటి రాసి చావు!”

ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను చూసిన నియామకాల్లో ఇంత శాపనార్థాలతో జరిగింది లేదు. లక్ష్మీపతి రాశాడు. విశ్వంభరం గారు చదవకుండా సంతకం పెట్టాడు. నేను చదివి, పెద్ద అక్షరాలతో పెట్టాను.

వసుంధర లేచి నిలబడింది. థాంక్యూ చెబుతుందని వీసీ గారు ఎదురుచూసినట్టున్నారు. ఆమె చెప్పలేదు.

నన్ను బస్టాండుకి దింపడానికి కారు రాలేదు. రాదని తెలుసు. ఆ తర్వాత ఇంతవరకూ ఏ కమిటీ నుంచీ పిలుపు రాలేదు. నాకు జీడిపప్పు పడదని డాక్టరైన మా తమ్ముడు ఎప్పటినుంచో చెబుతున్నాడు, ఆ బాధ తప్పింది.

ఇక్కడితో కథ ఆపేస్తే మీరు నవ్వుకుంటూ పడుకుంటారు. ఆపను. నాకు లేని నిద్ర మీకెందుకు?

మొన్న ఫోన్ చేసింది వసుంధర. నేను కాలేజీ ఎదురుగా హోటల్లో ఇడ్లీ తింటున్నాను. ఇద్దరూ చేరారట, శశాంక్, ఆమె. శాఖలో పరిచయ సభ పెట్టారు, పిల్లలందరినీ కూర్చోబెట్టారు. లక్ష్మీపతి మైకు తీసుకున్నాడు.

“ఏమన్నాడమ్మా?”

“శశాంక్ గారిని చూపించి, ‘వీరు మన శాఖకి మెరిట్‌లో ఎంపికై వచ్చారు’ అన్నారు సార్. నన్ను చూపించి, ‘వీరు రిజర్వేషన్ పోస్టులో వచ్చారు, మీరంతా సహకరించాలి’ అన్నారు.”

ఇడ్లీ చట్నీలోనే ఉండిపోయింది.

“ఏమన్నాడూ? సహకరించాలా? ఎవడికి సహకారం? ఆ గట్టి గ్రానైట్ గాడికా!” హోటలంతా నా వైపు తిరిగింది. “మెరిట్టా! వాడి మెరిట్ వాడి మేనమామ జేబులో ఉంటుంది, ఫోన్ రూపంలో! వస్తున్నా ఉండు, బస్సెక్కుతున్నా, ఆ లక్ష్మీపతికి...”

“సార్, సార్. అరవకండి. నేను అప్పుడే లేచి మాట్లాడాను.”

“ఏమన్నావు?”

“రెండు ఇంటర్వ్యూలకీ వెళ్ళానని చెప్పాను సార్. పొద్దున ఏమన్నారో చెప్పాను, మధ్యాహ్నం ఏమన్నారో చెప్పాను. ఎవరు మెరిట్టో మీరే చూసుకోండి, రేపట్నుంచి క్లాసులున్నాయిగా అన్నాను.”

“పిల్లలేమన్నారు?”

“కొందరు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కొందరు కొట్టలేదు. ఒకబ్బాయి వెనకాల్నుంచి ‘కోటా’ అన్నాడు, వినపడేటట్టే. ఆ అబ్బాయి నా క్లాసులోనే ఉన్నాడు సార్. ఇవాళ ముందు బెంచీలో కూర్చోబెట్టాను.”

“ఇంకా శశాంక్ ఎలా ఉన్నాడు?”

“నా స్టాఫ్‌రూమ్‌లోనే. గ్రానైట్ పాఠం చెప్పాలట రేపు. నా నోట్సు అడిగాడు.”

“ఇచ్చావా?”

“ఇవ్వలేదు సార్.”

“శభాష్!” అని బల్ల గుద్దాను. చట్నీ గిన్నె ఎగిరి పక్కాయన చొక్కా మీద పడింది. ఆయన లేచి నన్ను తిట్టబోయాడు. నేను ముందే తిట్టడం మొదలుపెట్టాను. ఆయన్ని కాదు పాపం, లక్ష్మీపతిని. కానీ గొంతు లేచాక ఇక దిగలేదు.